హన్మకొండ ఇంట్లో రోజూ వాయించుకోవడానికి ఒక ట్యూబ్ ఆంప్: నా ప్రాజెక్టు డైరీ

మార్చి 3

ట్యూబ్ ఆంప్, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో గిటార్ సౌండు పెంచే పెట్టె, కొనాలని చాలా ఏళ్ళుగా ఉంది. ఎప్పుడు మొదలుపెట్టినా "ఏది గొప్ప ఆంప్" అనే దగ్గరే ఆగిపోయి, నెల రోజులు వీడియోలు చూసి, చివరికి ఏమీ కొనకుండా ఊరుకునేవాణ్ణి. ఈసారి ఇంటి దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాను. ఉండేది నైంనగర్‌లో, మొదటి అంతస్తులో అద్దెకు. కింద ఓనర్ పెద్దమ్మ, గోడ పక్కన ఇంకో కుటుంబం, లోపలి గదిలో ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న పాప, హాల్లో సీరియల్ చూసే అమ్మ. వీళ్ళందరి మధ్య రోజూ స్విచ్ వేయగలిగే ఆంప్ కావాలి. అది తేలాకే సౌండు సంగతి.

అందుకే కొనే ముందు వారం పాటు ఒక నోట్‌బుక్ పెట్టాను. గిటార్ ఎప్పుడు పట్టుకున్నాను, ఎంతసేపు, ఎంత సౌండుతో అని రాసుకుంటూ వచ్చాను. వారంలో ఐదు రోజులు రాత్రి తొమ్మిదింబావు నుంచి పది లోపే వాయిస్తున్నాను, అదీ నలభై నిమిషాలు దాటడం లేదు. ఆదివారం పొద్దున కాజీపేటలో చర్చి క్వయర్‌తో గంటన్నర. నెలకోసారి స్నేహితులతో కూర్చోవడం. అంటే నా వాయింపులో సగానికి పైగా పదడుగుల గదిలో, తలుపు వేసుకుని. ఇన్నాళ్ళూ స్టేజీని ఊహించుకుంటూ ఆంప్ వెతికాను, అందుకే ఏదీ తేలలేదు.

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి ఇంట్లో కొన్ని కొలతలు కూడా తీశాను. అమ్మ సీరియల్ హాల్లో సోఫా దగ్గర 64 డెసిబెల్. వంటింట్లో మిక్సీ 88. ఫ్యాన్ ఐదు మీద 52. ఫోన్ చూపించే అంకెలు ల్యాబ్ అంకెలంత కచ్చితం కావు, కానీ అదే ఫోన్, అదే చోట పెట్టి చూస్తే ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి చక్కగా పనికొస్తాయి. రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లోకి నా గిటార్ సీరియల్ కంటే గట్టిగా వినబడకూడదు. ఇదే నా మొదటి షరతు, గోడ మీద పెన్సిల్‌తో 64 అని రాసి పెట్టుకున్నాను.

అసలు ట్యూబ్ ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇప్పుడు వాడుతున్నది చిన్న డిజిటల్ ఆంప్, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు, రకరకాల సౌండ్లు వస్తాయి, దానిమీద నాకు చిన్నచూపు లేదు. కానీ రెండేళ్ళ కింద ఒక స్నేహితుడి ఇంట్లో ట్యూబ్ ఆంప్‌కి నా గిటార్ పెట్టి, గిటార్ మీది వాల్యూమ్ పది నుంచి ఆరుకి తిప్పాను. అంతవరకూ గరగరలాడుతున్న సౌండు ఒక్కసారి తేటపడింది, మళ్ళీ తీగని గట్టిగా మీటితే ఆ గరగర కొంచెం తొంగి చూసింది. పెడల్ తొక్కలేదు, బటన్ నొక్కలేదు, అంతా వేలి కొసలోనే. ఆ రోజు నుంచి అది మనసులోంచి పోలేదు.

మార్చి 9

వాట్ల లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. చాలామంది 5 వాట్లు ఇంటికి, 15 వాట్లు చిన్న స్టేజీకి, 30 వాట్లు పెద్ద స్టేజీకి అని చెప్పేస్తారు. నేనూ అలాగే నమ్మాను. లెక్క వేస్తే వేరే కథ కనబడింది.

ఒక స్పీకర్ సెన్సిటివిటీ 95 డెసిబెల్ అనుకోండి. అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 95 వస్తుంది. దానికి 5 వాట్లు ఇస్తే 102. 15 వాట్లు ఇస్తే 107కి దగ్గర. 20 ఇస్తే 108. మన చెవికి సౌండు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి ఐదు వాట్ల ఆంప్‌కీ ఇరవై వాట్ల ఆంప్‌కీ మధ్య తేడా ఆరే డెసిబెల్, రెండింతల సౌండు కూడా కాదు. అదే స్పీకర్ మార్చి 95 చోట 98ది పెడితే వాట్లు రెట్టింపు చేసినంత పని జరుగుతుంది.

ఇంకోలా చెప్పాలంటే నా గదికి 5 వాట్లు కూడా చాలా చాలా ఎక్కువ. ట్యూబ్ ఆంప్ తియ్యగా పలికేది స్పీకర్‌ని నడిపే చివరి ట్యూబు, అంటే పవర్ ట్యూబ్, కాస్త కష్టపడేటప్పుడు, ఆ కష్టం దాకా తెచ్చేసరికి మిక్సీని మించిపోతుంది. అందుకని రెండే దార్లు. మాస్టర్ వాల్యూమ్ (చివర్లో మొత్తం సౌండుని తగ్గించే నాబ్) ఉన్న ఆంప్ తీసుకుని, పవర్ ట్యూబుకి ముందున్న ట్యూబుల దగ్గరే గరగర పుట్టించుకోవడం, లేదా చిన్న ఆంప్ తీసుకుని స్పీకర్‌కి పోయే పవర్‌ని మధ్యలో కోసేయడం.

మార్చి 15

అమెరికాలో ఉన్న బావ ఫోన్ చేశాడు. మేలో వస్తున్నాడట, "ఏమన్న కావాల్నారా" అన్నాడు. మన దగ్గర ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి ఈ ఆశ అందరికీ పుడుతుంది. నా మనసు వెంటనే ఫెండర్ బ్లూస్ జూనియర్ అనే ఆంప్ మీదికి పోయింది. 15 వాట్లు, రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు, మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, 12 అంగుళాల స్పీకర్, ప్రతిధ్వని ఇచ్చే స్ప్రింగ్ రివర్బ్, బరువు పద్నాలుగు కిలోల చిల్లర. సూట్‌కేసు బరువు లెక్కలో పట్టేస్తుంది కూడా.

కానీ అక్కడ అమ్మేది 120 వోల్టులది. మన గోడలో వచ్చేది 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, ఇలాంటి ఆంప్‌కి కనీసం 300 వీఏ (వోల్ట్ ఆంపియర్) సామర్థ్యం ఉన్నది, అదొక ఇటుక బరువు, పైగా చవకగా దొరికేవాటిలో చాలావాటికి మూడో పిన్ను ఎర్త్ లోపల కలిపి ఉండదు. ఇంకో చిక్కు ఫ్రీక్వెన్సీ. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వోల్టేజీ సరిచేసినా ఫ్రీక్వెన్సీ మారదు, 60కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 50 మీద నడిపితే దాని ఇనుప కోరులో ఫ్లక్స్ 20 శాతం పెరిగి వేడెక్కుతుంది. ఆంప్ వెనక ప్లేటు మీద 50/60 అని ఉంటే ఆ భయం లేదు, 60 అని ఒక్కటే ఉంటే వద్దనే నేను చెబుతాను. రోజూ వాడే వస్తువుకి పక్కన ఇంకో డబ్బా, దాని మోత, దాని వేడి ఎందుకని బావకి పాపకోసం షూస్ మాత్రం చెప్పాను.

మార్చి 22

పొద్దున ట్రైన్‌కి కాజీపేట నుంచి సికింద్రాబాద్. 130 కిలోమీటర్ల ప్రయాణం, గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తీసుకెళ్ళింది నా గిటారే, స్ట్రాట్ రకం, సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కదలికని కరెంటుగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంతాలు). షాపువాళ్ళ గిటార్‌తో వింటే ఇంటికొచ్చాక ఏం వస్తుందో తెలియదు.

షాపులో మార్షల్ డీఎస్ఎల్20 కాంబో (స్పీకర్ లోపలే ఉన్న ఆంప్) దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు, 20 వాట్లు, స్విచ్ వేస్తే 10. మాస్టర్ వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టినా గరగర పుట్టించే గెయిన్ ఛానల్ నిండుగా పలికింది. రాక్, మెటల్ వాయించే పిల్లలకు ఇల్లైనా స్టేజీ అయినా ఒక్క ఆంప్‌తో పని అయిపోవాలంటే నేను దీన్నే చూపిస్తాను. వాక్స్ ఏసీ15 కూడా విన్నాను, దాని క్లీన్ (గరగర లేని) సౌండులో ఒక గలగల ఉంది, గంట కొట్టినట్టు, నాకు చాలా నచ్చింది. అయితే దాని బరువు 22 కిలోలు, మా మెట్లు ఇరుకు, ప్రతి ఆదివారం దించి ఎక్కించాలి. నేను వాయించేదంతా క్లీన్‌కీ గరగరకీ మధ్య ఉండే సన్నటి గీత మీద, ఆ గీత ఈ రెండింటిలోనూ షాపువాళ్ళు మన వంక చూసేంత గట్టిగా పెట్టాకే వచ్చింది.

సాయంత్రం ఇంకో చోటికి వెళ్ళాను, పాత సామాను అమ్ముకుంటున్న ఒకాయన ఇంటికి. అక్కడున్నది చేత్తో కట్టిన ఆంప్. సర్క్యూట్ 1950ల చివరి ఫెండర్ చాంప్‌ది, 5ఎఫ్1 అంటారు, 5 వాట్లది. ముందు ట్యూబుగా ఒక 12ఏఎక్స్7, పవర్ ట్యూబుగా ఒక 6వీ6, ఏసీ కరెంటుని డీసీ చేసే రెక్టిఫయర్‌గా ఒక 5వై3, అంతే, మూడే ట్యూబులు. ఒకటే నాబ్. టోన్ లేదు, రివర్బ్ లేదు, మాస్టర్ లేదు. అసలు దానికి 8 అంగుళాల స్పీకర్ ఉండేది, దీనికి పెట్టె కొంచెం పెద్దది చేసి 10 అంగుళాలది పెట్టారు. స్విచ్ వేసి ఇరవై, ముప్పై సెకన్లు ఆగితే లోపల నారింజ రంగు వెలుగు, ఆ తర్వాత నాబ్ సగానికి తెచ్చి ఒక్క తీగ మీటాను. రెండేళ్ళ కింద విన్నదే. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే తేట, పెంచితే గరగర.

చిన్నగా హమ్, అంటే ఆగకుండా గుయ్ మనే మోత, ఉంది, అది వినబడుతూనే ఉంది. ఆయన 32 వేలు అన్నారు, హమ్ చూపించి 27కి మాట్లాడుకున్నాను.

ట్యూబులు మూడూ ఊడదీసి విడిగా కాగితంలో చుట్టి, గిటార్ బ్యాగు జేబులో టవల్ మధ్య పెట్టుకున్నాను. ట్రైన్‌లో ఆంప్‌ని మూతి పైకి ఉండేలా కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చాను. ట్యూబులతో సహా కుదుపులు తినిపిస్తే లోపలి సన్నటి తీగలు కదిలిపోతాయి.

ఏప్రిల్ 6

పాప పరీక్షలు అయ్యేదాకా ఆంప్ ముట్టుకోలేదు. ఈ రోజు ఇంట్లో మొదటిసారి పెట్టాను. సికింద్రాబాద్‌లో ఉన్న హమ్ ఇక్కడ మూడింతలైంది, దాని పైన జుయ్ మని ఇంకో మోత. మనసు ఉసూరుమంది.

కాసేపటికి ఒక్కొక్కటి విడదీసి చూశాను. గిటార్ వైర్ తీసేస్తే జుయ్ పోయింది, హమ్ మిగిలింది. అంటే జుయ్ గిటార్ వైపు నుంచి, హమ్ ఆంప్ లోపల నుంచి. మళ్ళీ గిటార్ పెట్టి ఫ్యాన్ ఆపాను, జుయ్ సగం తగ్గింది. ఫ్యాన్ కాదు, దాని రెగ్యులేటర్. గుండ్రంగా తిరుగుతూ ఎక్కడైనా ఆగే డిమ్మర్ రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతాయి, ఆ కోత సింగిల్ కాయిల్ పికప్పుకి వినబడుతుంది. రేపు దాన్ని తీసేసి ఒకటి, రెండు, మూడు అని టక్ టక్ మని తిరిగే కెపాసిటర్ రకం పెట్టిస్తాను.

మిగిలిన సగం జుయ్, తీగల మీద చెయ్యి పెడితే తగ్గాల్సింది పెద్దగా తగ్గడం లేదు. అనుమానం వచ్చి మల్టీమీటర్ తెచ్చి ప్లగ్ బోర్డులో చూశాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 234. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. వచ్చింది 96, అదీ నిలకడ లేకుండా ఊగుతూ. మూడో రంధ్రం ఉంది, దాని వెనక ఎర్త్ లేదు. ఇది హమ్ సంగతి కాదు, ప్రాణం సంగతి. ట్యూబ్ ఆంప్ ఇనుప చాసిస్ (లోపలి చట్రం) గిటార్ తీగలకి కలిసి ఉంటుంది, లోపల ఏదైనా ఫేజ్ వైరు చాసిస్‌కి తగిలితే దాన్ని భూమిలోకి లాగేసి ఫ్యూజు కొట్టించాల్సింది ఆ మూడో వైరే. ఆంప్ తీసి పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ 13

ఎర్తింగ్ గుంత తవ్వించాలంటే ఓనర్ పెద్దమ్మని అడగాలి. భయపడుతూనే వెళ్ళాను. అంతా విని, "ఫ్రిజ్ ముట్టుకుంటే అప్పుడప్పుడు జుమ్ అంటది, గందుకేనా బిడ్డా" అంది. అవునన్నాను. "అయితే తవ్వియ్యి, జామ చెట్టు ఏర్లు మాత్రం తెంపకు. ఖర్చు చెరి సగం" అంది.

ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చి పెరట్లో గుంత తీసి, పైపు దించి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేస్తూ పూడ్చి, పైన నీళ్ళు పోయడానికి గరాటులా వదిలాడు. అక్కడి నుంచి రాగి తీగ మీటర్ బోర్డుకి, బోర్డు నుంచి మా ఇంటికి. సాయంత్రం మీటర్ పెట్టి చూస్తే ఫేజ్‌కీ ఎర్త్‌కీ 233, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 2 లోపు. ఎండాకాలం కదా, వారానికోసారి ఒక బకెట్ నీళ్ళు గుంతలో పోయాలని చెప్పి వెళ్ళాడు. పెద్దమ్మ ఆ పని తనే చేస్తానంది.

ఆంప్ పెట్టాను. తీగల మీద చెయ్యి వేయగానే జుయ్ మాయం. హమ్ మాత్రం అలాగే ఉంది.

ఏప్రిల్ 21

నిన్న ఈస్టర్, ఆంప్ సిద్ధం కాలేదు, పాత డిజిటల్‌తోనే వాయించాను. ఈ రోజు మట్టెవాడలో పాత రేడియోలు బాగుచేసే కాక దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బై దాటాయి, ఇప్పటికీ మర్ఫీ, ఫిలిప్స్ వాల్వ్ రేడియోలు ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన దీన్ని ట్యూబ్ అనడు, వాల్వు అంటాడు. 12ఏఎక్స్7 చూపించగానే "ఇది ఈసీసీ83 కదా" అన్నాడు. రెండూ ఒకటే, అమెరికా పేరొకటి, యూరప్ పేరొకటి.

వెళ్ళే ముందు ఫోన్‌లో హమ్‌ని స్పెక్ట్రమ్ యాప్‌లో చూశాను. 100 హెర్ట్జ్ దగ్గర గీత లేచింది. మన కరెంటు 50, దాన్ని ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ డీసీ చేసేటప్పుడు మిగిలే అల 100. కాబట్టి 50 దగ్గర గీత లేస్తే ట్యూబుని వేడి చేసే హీటర్ వైర్లు, ఎర్త్ వైపు వెతకాలి, 100 దగ్గర లేస్తే ఆ అలని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు. ఇది కాకకి చెబితే ఫోన్ చూడకుండానే "వినంగనె తెలుస్తలేదా" అన్నాడు. ఆయన చెవికి తెలుస్తుంది, నా చెవికి ఇంకా పట్టు రాలేదు.

చాసిస్ విప్పే ముందు ఆయన చెప్పింది యథాతథంగా రాసుకుంటున్నాను. "తమ్మీ, ప్లగ్గు పీకినంక గూడ లోపట మూడు వందల వోల్టులుంటది. ఒక చెయ్యి జేబుల పెట్టుకో. రెండు చేతులు పెడితే కరెంటు గుండె మీదికెల్లి పోతది." రెండు కొసలకూ మొసలి క్లిప్పులున్న 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి ఆయన దగ్గర ఉంది. ఒక క్లిప్పు చాసిస్‌కి, ఇంకోటి కెపాసిటర్ ప్లస్‌కి పెట్టి, మీటర్‌లో అంకె దిగుతుంటే చూశాం. 290, 120, 40, 6. అప్పుడు గానీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఈ పని తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి, దయచేసి.

మొదటి ఫిల్టర్ కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి నేను తెప్పించినవి 22 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులవి. ఇంకా పెద్దది, 100ది వేస్తే హమ్ పూర్తిగా పోతుంది కదా అని అడిగాను. కాక ఒప్పుకోలేదు. 5వై3 వాల్వు రెక్టిఫయర్, అంత పెద్ద కెపాసిటర్ ఒక్కసారిగా లాగే కరెంటుని అది తట్టుకోదు, వేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు తగ్గుతుంది. 22 వేశాడు. హమ్ చెవి స్పీకర్‌కి ఆనిస్తే తప్ప వినబడని స్థాయికి దిగింది.

ఇంకొకటి ఆయనే పట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి 220, 240 అని రెండు ట్యాపులు (వైరు కలిపే చోట్లు) ఉన్నాయి, కట్టినాయన 220కి కలిపారు. ఆ గల్లీలో అప్పుడు 240 వస్తోంది. 6.3 వోల్టులు ఉండాల్సిన హీటర్‌కి 6.8 పోతోంది. పది శాతం అటూ ఇటూ ఓర్చుకుంటుంది, ఇది అంచు మీద ఉంది. వైరు 240కి మార్చాడు, 6.3 వచ్చింది. 6వీ6 మీద పడే భారం కూడా లెక్క వేశాడు, 12 వాట్లకి కొంచెం లోపు. ఆ ట్యూబు పరిమితి కూడా 12 దగ్గరే. "మంచిగుంది, ఇట్లనే ఉంచు" అన్నాడు.

ఆయన బిస్కెట్ డబ్బాలో బెంగళూరు బీఈఎల్ వాల్వులు, పాత 6వీ6లు పత్తిలో చుట్టి ఉన్నాయి. ఒకటి అడిగాను. నీ దాంట్లో ఉన్నది పాడైనంక రా, అప్పటిదాకా నా దగ్గరుంటది అన్నాడు. ఈ ఆంప్ తీసుకోవడం సరైన పనే అని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఇరవై నిమిషాల దూరంలో దీన్ని విప్పి మూయగల మనిషి ఉన్నాడు. కొత్త ఆంపుల్లో చాలావాటికి ట్యూబు సాకెట్లు కూడా సర్క్యూట్ బోర్డు మీదే ఉంటాయి, అవి విప్పి చేయడం ఆయన ఇష్టపడడు.

మే 4

ఎండలు ముదిరాయి. పది రోజులు వోల్టేజీ రాసుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి 246, మధ్యాహ్నం 228, రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే సరిగ్గా నేను వాయించే వేళకి, వీధిలో ఏసీలన్నీ నడుస్తుంటే 206. 206 దగ్గర హీటర్‌కి 5.4 అందుతుంది. సౌండు మెత్తబడుతుంది, మీటినప్పుడు వచ్చే ఊపు తగ్గుతుంది, వినడానికి కొందరికి అది నచ్చుతుంది కూడా. కానీ హీటర్ చాలినంత వేడి లేకుండా రోజూ నడపడం ట్యూబుకి మంచిది కాదు. పాత టీవీ స్టెబిలైజర్ అటక మీద ఉంటే దించి పెట్టాను, 500 వీఏది. ఆంప్ గోడ నుంచి లాగేది 48 వాట్లే, కాబట్టి చాలు. రిలే మారినప్పుడు టక్ మని చిన్న చప్పుడు స్పీకర్‌లో వస్తుంది, రాత్రికి రెండు మూడు సార్లు. దానికి అలవాటు పడ్డాను.

కరెంటు పోయినప్పుడు సంగతి వేరు. మా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం, దాని మీద ఆంప్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, స్పీకర్‌లో తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న స్నేహితుడి ఇంట్లో అదే ఆంప్ ఏ గొడవా లేకుండా పలికింది. కరెంటు పోతే నేను గిటార్‌ని ఆంప్ లేకుండానే వాయించుకుంటున్నాను.

మే 11

ఇప్పుడు అసలు షరతు. గోడ మీది 64.

నాకు నచ్చే చోట నాబ్ పెడితే గదిలో 1 మీటర్ దగ్గర 98. తలుపు వేస్తే హాల్లో 77. అమ్మ రిమోట్ పట్టుకుని గది వైపు చూస్తుంది, ఏమీ అనదు. అందుకే ఇంకా ఇబ్బంది.

ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే తగ్గించే పెట్టె నేనే చేశాను. రెండు రెసిస్టర్లు, అంతే. స్పీకర్‌కి వరసలో 5.6 ఓమ్, స్పీకర్‌కి అడ్డంగా 2.7 ఓమ్. స్పీకర్ 8 ఓమ్ అనుకుంటే ఆంప్‌కి కనబడేది మొత్తం 7.6, అంటే దానికి తేడా తెలియదు. స్పీకర్‌కి పోయేది 11.5 డెసిబెల్ తక్కువ. రెసిస్టర్లు అల్యూమినియం ఒంటి 25 వాట్లవి, చిన్న ఇనుప డబ్బాకి బిగించాను. ఇక్కడ మామూలు వాల్యూమ్ నాబ్ (పాట్) పెట్టకూడదు, కాలిపోతుంది.

ఇందులో వరసలో ఉన్న రెసిస్టర్ దగ్గర ఒక్క టంకం ఊడినా ఆంప్‌కి స్పీకర్ లేనట్టే. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి ఇన్సులేషన్ చీలిపోవచ్చు. అందుకే ప్రతి జాయింటు ముందు మెలేసి తర్వాత టంకం పెట్టాను. ఆంప్‌కి తగిలించే ముందు మీటర్‌తో చూశాను, 7.5 దగ్గర ఆగింది. వైరుని లాగి, ఊపి, మళ్ళీ చూశాను. 7.5.

రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టాను. గదిలో 86. పాపని హాల్లో ఫోన్ పట్టుకుని నిలబడమన్నాను. "నాన్నా, 65" అంది. నాబ్ పిసరంత వెనక్కి తిప్పాను. "63." సౌండు పై అంచులో కొంచెం మెరుపు తగ్గిన మాట నిజం. గిటార్ టోన్ నాబ్ పూర్తిగా తెరిస్తే సరిపోతోంది. గిటార్ వాల్యూమ్ పది, ఆరు, పది అని తిప్పుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మే 25

చర్చి పరీక్ష. 5 వాట్లు ఢోలక్, కీబోర్డ్, పాతిక మంది గొంతుల ముందు సరిపోతాయా అన్నది చివరి అనుమానం. శనివారం రిహార్సల్‌లో ఆంప్‌ని అలాగే పెట్టి వాయించాను, సరిపోలేదు. ఢోలక్ అందుకోగానే నాబ్ పెంచాల్సి వచ్చింది, పెంచితే క్లీన్ పోయి గరగర వచ్చింది, కీర్తనకి అది నప్పదు.

ఈ రోజు తగ్గించే పెట్టె తీసేసి, ఆంప్‌ని కుర్చీ మీద నా వైపు తిప్పి, ఎస్ఎం57 మైకు స్పీకర్ మధ్య నుంచి కొంచెం పక్కకి, రెండంగుళాల దూరంలో పెట్టి మిక్సర్‌కి ఇచ్చాం. నడిమధ్యలో పెడితే సౌండు గుచ్చుకుంటుంది, అంచుకి పోతే మూగబోతుంది, ఆ చోటు వెతకడానికే పావుగంట పట్టింది. ఆ తర్వాత హాలు సంగతి మిక్సర్ దగ్గర కూర్చున్న తమ్ముడిది, నా సంగతి నాది. వెనక వరసలో కూర్చున్న అత్తమ్మ ఒకావిడ, ఈ రోజు గిటార్ మాట మాటకీ వినబడిందని చెప్పింది. మోసుకెళ్ళింది ఒక ఆంప్, ఒక మైకు, ఒక వైరు, అంతా స్కూటీ మీదే.

స్నేహితులతో డ్రమ్స్ ఉన్న చోట మైకు లేకుండా వాయించాల్సి వస్తే మాత్రం ఈ ఆంప్ చాలదు. వారానికి రెండు సార్లు అలా వాయించేవాళ్ళు 15, 20 వాట్లదే తీసుకోవాలి. నాకు నెలకొకసారి, అప్పుడు అక్కడున్నదే వాడుకుంటాను.

జూన్ 8

మిగిలిన చిన్న పనులు. వెనక తెరిచి ఉన్న చోటుకి చిల్లుల జాలీ కొట్టించాను, వెచ్చగా ఉంటుందని బల్లులు చేరుతున్నాయి. గాలి ఆడాలి కాబట్టి బట్ట గానీ అట్ట గానీ పెట్టలేదు. వాయించడం అయ్యాక పావుగంట చల్లారనిచ్చాకే కదుపుతున్నాను.

మొన్న ఒక స్వరం దగ్గర కిణ్ మని శబ్దం వచ్చింది. కాక నేర్పినట్టు ఆంప్ నడుస్తుండగా పెన్సిల్ రబ్బరు వైపుతో 12ఏఎక్స్7ని మెల్లగా తట్టాను, స్పీకర్‌లో గంట మోగినట్టు వినబడింది. ట్యూబు మైక్రోఫోనిక్ అయింది, అంటే కుదుపుని కూడా సౌండుగా మార్చేస్తోంది. స్లొవేకియాలో చేసిన జేజే కంపెనీది ఒకటి తెప్పించాను. ట్యూబులు ఇప్పుడు ఎక్కువగా వచ్చేది స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక వీటి ధరలు బాగా పెరిగాయి, అందుకే 12ఏఎక్స్7 రెండు తీసుకుని ఒకటి దాచాను. కొత్తది వేసి మళ్ళీ తట్టాను. పొడిగా టప్ అంది, అంతే.

డబ్బాలో ఇప్పుడున్నవి: ఒక 12ఏఎక్స్7, ఆంప్ వెనక రాసి ఉన్న విలువవే స్లో బ్లో (నిదానంగా కాలే) ఫ్యూజులు నాలుగు, ఒక స్పీకర్ వైరు. ఎర్తింగ్ గుంతలో పెద్దమ్మ పొద్దునే నీళ్ళు పోసింది. రాత్రి మీటర్ పెట్టి చూశాను, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 1.7.